పైవాటా తమ్ముడి లావు తీగలు

మా పైవాటాలో ఉండే ఆయన నాకు తోడబుట్టినవాడేం కాదు. పద్దెనిమిదేళ్ళ కిందట వాళ్ళు సామాను దించుకుంటున్న రోజున నేనే పైకెళ్ళి, "చీపురు కావాలా, చక్కెర కావాలా" అని అడిగాను. అడగడానికి వెళ్ళానంటే అబద్ధం, ఎవరొచ్చారో చూడ్డానికి వెళ్ళాను. "రెండూ ఉన్నాయి అక్కయ్యా, తాగడానికి నీళ్ళే లేవు" అన్నాడు. ఆ పూట నుంచి నాకు తమ్ముడైపోయాడు. వాళ్ళావిడ మరదలైంది.

ఆయన లిఫ్టుల మెకానిక్కు. వీధిలో అందరూ లిఫ్టాయన అనే పిలుస్తారు. పెద్ద మేడల్లో లిఫ్టు మొరాయిస్తే డాబా మీది మోటారు గదికి వెళ్ళి, మోటారు ఒంటి మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని, "ఇది ఆర్నెల్లు లాగుతుంది" అనో, "ఇది ఈ నెల దాటదు" అనో చెప్పేవాడట. చెప్పింది చెప్పినట్టు జరిగేదట. సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల గ్రీజు పోయేదాకా సబ్బుతో రుద్దుకుని, టీ తాగి గిటారు పట్టుకునేవాడు.

ఆ గిటారు గురించి నాకిప్పుడు తెలిసింది ముందే చెప్పేస్తాను. అప్పుడు తెలియకపోవడం వల్లే ఇంత జరిగింది. గిటార్లలో రెండు రకాలుంటాయి. ఒకదానికి సన్నటి తీగలు ఆరు. అది గలగలా పలుకుతుంది, అందరికీ వినపడుతుంది. రెండోదాన్ని బేస్ గిటార్ అంటారు. దానికి లావు తీగలు, నాలుగే. అది పాట అడుగున దుమ్ దుమ్ అంటూ నడుస్తుంది. మా తమ్ముడు వాయించేది ఈ లావు తీగలది. సాయంత్రాలు మా కప్పులోంచి వచ్చిన దుమ్ దుమ్ అంతా అదే.

నేనేమో ఆయన కాలితో తాళం వేస్తున్నాడనుకున్నాను. గలగలమనే గిటారు వాయిస్తూ కాలు తొక్కుతున్నాడనీ, గలగల కిందికి రాదు కాబట్టి తొక్కుడు మాత్రం వినపడుతోందనీ నాకు నేనే తేల్చేసుకున్నాను. ఒకసారి మరదలితో, "మీ ఆయన కాలి కింద ఏదైనా బొంత వెయ్యవే" అన్నాను కూడా. నవ్వి ఊరుకుంది, నేను వేళాకోళమాడానని. ఎవరైనా వస్తే ఆయన గిటారు పక్కన పెట్టేసేవాడు, సిగ్గరి. అందుకని వాయిస్తుండగా ఏనాడూ చూడలేదు. వీధిలో ఎవరింటికి ఏ మంచం వచ్చింది, ఎవరి కోడలు ఎందుకు అలిగింది, అన్నీ ఆరా తీసే మనిషిని. ఇదొక్కటి అడగలేదు. తెలియనిదైతే అడుగుతాం. తెలుసనుకున్నదాన్ని ఎవరడుగుతారు?

వాళ్ళది నలుగురి జట్టు. పాడేది మరదలి తమ్ముడు, అంటే మా తమ్ముడికి బావమరిది. చెప్పుల దుకాణంలో పని. సన్న తీగల గిటారు కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. డ్రమ్ములు కొట్టేది ఒక బేకరీ ఆయన. పెళ్ళిళ్ళలో, క్లబ్బుల్లో వాయించేవాళ్ళు. అప్పుడప్పుడు సొంత పాట ఒకటి కట్టి రికార్డు చేసేవాళ్ళు. అలా ఆరు పాటలు చేశారు. ఆరింటిలోనూ మా తమ్ముడు వాయించాడు. ఒక్కదాన్లోనూ వినపడడు.

పోయినేడు ఆయన ఎడమచేతి చివరి రెండు వేళ్ళు తిమ్మిరెక్కాయి. ముందు పానా జారింది. తర్వాత టీ గ్లాసు జారింది. డాక్టరు మెడ దగ్గర నరం నలుగుతోందన్నాడు. ఆపరేషను చెయ్యకపోతే చెయ్యి మొత్తం పోతుంది, చేస్తే చెయ్యి దక్కుతుంది కానీ ఆ రెండు వేళ్ళకి హామీ లేదన్నాడు. "రెండు నెలలు ఆగొచ్చా?" అని అడిగాడు మా తమ్ముడు. ఎందుకంటే ఒక పాట ఉంది, ఆ పాటకి పది వేళ్ళూ కావాలి.

అది ఏడో పాట. ఒకతను సైకిలు తొక్కుకుంటూ పోయే పాట. మా తమ్ముడు పాటంతా సైకిలు తొక్కినట్టు లావు తీగలు నడిపించాడు. రెండో చరణంలో గొలుసు ఊడుతుంది. అక్కడ రెండు వరసల పాటు ఆయన వాయించడు. తొక్కుడు ఆగిపోతుంది, సైకిలు దానంతటదే దొర్లుతుంది, వినేవాళ్ళకి పడిపోతామేమోననిపిస్తుంది. మళ్ళీ గొలుసు పడుతుంది, తొక్కుడు మొదలవుతుంది. ముప్ఫై ఏళ్ళ వాయింపులో తనకి తానుగా కనిపెట్టింది అదొక్కటేనట. అయితే అందులో ఒక మెలిక ఉంది. తొక్కుడు ముందు వినపడితేనే ఆగినట్టు తెలుస్తుంది.

అక్కడే బావాబావమరుదులకి చెడింది. వాయించడం అయిపోయింది, ఇక అన్నీ కలిపి ఏది ఎంత వినపడాలో తేల్చాలి. వాళ్ళు మెట్ల మీద కూర్చుని పోట్లాడుకుంటుంటే నేను కింద మెట్టు మీద బఠాణీలు ఒలుస్తున్నాను. ఒలవడం పది నిమిషాల్లో అయిపోయింది, అయినా లేవలేదు. లావు తీగ అన్నా నాకు ఆ గలగల గిటారు తీగే అనిపించింది.

"బావా, పునాదిరాయి ఎక్కడుండాలి? నేల కింద. దాన్ని తవ్వి తెచ్చి గుమ్మానికి వేలాడదీస్తానంటే ఎలా?"

"నేల కిందే ఉంటానురా. మా ఇంటి నేల కింద ఉంచు. ఆరు పాటల్నుంచీ నన్ను పక్కింటివాళ్ళ నేల కింద పాతిపెడుతున్నావు."

"ఈ రోజుల్లో పాట వినేది ఫోన్లో. ఫోను గొంతెంత, ఇంత. దాన్లో నీ లావు తీగ పలకదు. పెంచితే బుర్రుమంటుంది. నా గొంతు మునిగిపోతుంది."

"మునగనీ. నీ గొంతుకి ఈత వచ్చు."

లోపల్నుంచి మరదలు అందుకుంది. "ఒరే తమ్ముడూ, అడుగు లేకుండా పైపట్టీలు మాత్రమే అమ్ముతున్నావట్రా నీ దుకాణంలో?"

"నువ్వు ఆయన పక్షమే, తెలుసులే అక్కా. కానీ కొనడానికొచ్చినవాడు పైపట్టీ చూస్తాడు కానీ అడుగు తిరగేసి చూడడు."

"నడిచాక తెలుస్తుందిలే" అన్నాడు మా తమ్ముడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించాడు. "నేను నీ కంటే ముందుండాలనడం లేదురా. నేను ఆగినప్పుడు ఎవరో ఒకళ్ళకి, ఆగాడు అని తెలియాలి. అంతే. ఆపరేషనయ్యాక నాకిక ఇంకోటి లేదు."

బావమరిది లేచి చెప్పులేసుకున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడి గొంతుకీ వయసు మీద పడుతోంది, వాడి భయం వాడిది.

పాటలు కలిపే ఆయన్ని మేం మిక్సింగ్ మాస్టారు అంటాం. కుట్టుపని దుకాణం మీద గది, గోడలకి పాత బొంతలు మేకులతో కొట్టి ఉంటాయి. ఆయన ఈ ఇద్దరి గోలా మూడు వారాలు భరించి, "మీరిద్దరూ రావద్దు. బయటి చెవి ఒకటి తెస్తాను. ఆ చెవి ఏమంటే అది. ఒప్పుకుంటారా?" అన్నాడు. అది ఆయన పద్ధతి. సంగీతం తెలియని మనిషిని వంటింట్లో కూర్చోబెట్టి, చేతికి ఏదో పని ఇచ్చి, పాట వేస్తాడు. ఎలా ఉందని అడగడు. ఎక్కడ అడ్డం తగిలిందని అడుగుతాడు. ఆ మనిషికి అడ్డం తగిలిందాన్ని తగ్గిస్తాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మరి ఆ చెవి ఎవరిదంటే, మా తమ్ముడే చెప్పాడట. "మా కింది అక్కయ్యని పిలవండి. పద్దెనిమిదేళ్ళుగా నా వాయింపు విన్న మనిషి ఊళ్ళో ఆవిడొక్కతే."

ఈ మాట నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదట, అదీ పద్ధతే.

నేను మంచి చీర కట్టుకుని వెళ్ళాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఒక పాటకి తీర్పు చెప్పమని పిలిస్తే ఎలా ఉంటుంది మరి. మాస్టారు ఒక గుట్ట తువ్వాళ్ళు నా ఒళ్ళో పడేసి మడతలు పెట్టమన్నాడు. పక్క గదిలోంచి పాట వేశాడు. అయ్యాక గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బాగుందని చెప్పకండమ్మా. ఎక్కడ అడ్డం తగిలింది?"

"ఎక్కడా తగల్లేదు. మా తమ్ముడి గిటారు గంట కొట్టినట్టు మోగింది. వాళ్ళ బావమరిది కూడా బాగానే పాడాడు, వాడికి చెప్పకండి, నెత్తికెక్కుతుంది. కానీ మాస్టారూ, మీ పైన ఎవరుంటారు?"

"ఎవరూ లేరు. డాబా."

"మరెవరో కాలు తొక్కుతున్నారు. మొదట్నుంచీ దుమ్ దుమ్. మా ఇంట్లోనూ ఇదే గోల, అందుకే పట్టేశాను. మధ్యలో కాసేపు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ మొదలెట్టారు."

ఆయన నవ్వలేదు. ఇది ఏమిటో నాకు చెప్పనూ లేదు. చెవి మీది పెన్సిలు తీసి కాగితం మీద ఏదో రాసుకుని లోపలికెళ్ళాడు. మళ్ళీ పాట.

"ఇప్పుడో?"

"తగ్గింది. ఇంకా ఉంది."

మూడోసారి వేశాడు. "ఇప్పుడు హాయిగా ఉంది" అన్నాను. మడత పెట్టిన తువ్వాళ్ళు అలమరలో సర్దిపెట్టి, ఆయన ఇచ్చిన టీ తాగి, వీధి చివరిదాకా పాటని కూనిరాగం తీసుకుంటూ ఇంటికొచ్చాను. అంత సంబరం.

ఆ ఆదివారం పొద్దున అందరం పైవాటాలో చేరాం. బావమరిది కొత్త చెప్పులతో వచ్చాడు. పెద్ద స్పీకరు ఒకటి తెచ్చి కుర్చీ మీద పెట్టారు. మా తమ్ముడు దాని పక్కన నేల మీద కూర్చుని, లిఫ్టు మోటారుకి ఆనించినట్టే అరచెయ్యి దానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పాట మొదలైంది. గిటారు గలగలా పలికింది, డ్రమ్ములు మోగాయి, బావమరిది పాడాడు. మా తమ్ముడు కళ్ళు తెరిచాడు. చెయ్యి తీసి వేళ్ళ వంక చూసుకుని, కుడిచెయ్యి ఆనించాడు. అదీ తీసేశాడు. "నువ్వొకసారి పెట్టు" అని మరదలి చెయ్యి పట్టుకుని స్పీకరుకి ఆనించాడు. తన తిమ్మిరి వల్ల తెలియడం లేదేమోనని ఆయన ఆశ.

మరదలు కాసేపుంచింది. తల అడ్డంగా ఊపింది.

రెండో చరణం వచ్చింది. రెండు వరసలు వచ్చాయి, పోయాయి. బేకరీ ఆయన చిటికెలు వేస్తున్నవాడు వేస్తూనే ఉన్నాడు. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు.

"చూశావా బావా! బయటి చెవి తేల్చింది. నువ్వు ఏరికోరి పంపిన చెవే" అన్నాడు బావమరిది. గెలిచినవాడి మాటే కానీ ఆ చివర్న కొంచెం నీరుగారిపోయాడు.

"మళ్ళీ చేయిద్దాం" అంది మరదలు.

"మాటంటే మాటే. ఒప్పుకున్నాం కదా" అన్నాడు మా తమ్ముడు. "పద్దెనిమిదేళ్ళు విన్న మనిషికే అడ్డం తగిలిందంటే, తప్పు నాదే అయ్యుంటుంది."

నాకేమీ అర్థం కాలేదు. వంటింట్లోకి వెళ్ళి మరదల్ని పట్టుకున్నాను.

"ఏమైందే? అందరి మొహాలూ అలా ఉన్నాయేం?"

"ఆయన గిటారు వినపడలేదు వదినా."

"అదేం మాటే, గంటలా మోగుతుంటే?"

"అది కళ్ళజోళ్ళాయనది."

"మరి మీ ఆయనది?"

మరదలు గట్టు మీద పిడికిలితో కొట్టి చూపించింది. దుమ్, దుమ్. "రోజూ మీ నెత్తి మీద మోగేది ఏమిటనుకున్నారు?"

నా చేతిలో గ్లాసులున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అప్పుడే చెప్పాల్సింది. వెనక్కి తిరిగి ముందుగదిలోకి వెళ్ళి, "నేను నీ గిటారుని కాలి చప్పుడనుకున్నాను నాయనా, నా తీర్పు చెల్లదు" అని ఒక్కమాట అంటే చాలు. బావమరిది కూడా కాదనేవాడు కాదు. నోరుంది, ఊరంతా తిరిగే నోరు. ఆ పూట ఆ నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపు ఆయన డ్యూటీకెళ్ళాడు. ఎల్లుండి మరదలికి జ్వరం. అన్నీ వంకలే. ఆపరేషనుకి ముందు మూడు వారాలూ కప్పులోంచి దుమ్ దుమ్ వినపడుతుంటే పక్కింటికెళ్ళి కూర్చునేదాన్ని.

తర్వాత ఆపరేషనైంది. చెయ్యి దక్కింది. ఆ రెండు వేళ్ళు దక్కలేదు. మెడ కట్టు విప్పిన రోజున ఆయన వేళ్ళు ముడవబోయాడు. మూడు వేళ్ళు ముడుచుకున్నాయి, రెండు అలాగే నిలబడ్డాయి. అది చూశాక, ఇక ఒక్క క్షణం కూడా ఆగకూడదని ఇంట్లో ఉన్న చీరతోనే మిక్సింగ్ మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. జరిగిందంతా చెప్పాను.

ఆయన విని నుదురు రుద్దుకున్నాడు. "అదేమిటో మీకు తెలుసనే అనుకున్నానమ్మా. మీ తమ్ముడి కంటే పాటే ముఖ్యమనుకుని నిజం చెప్పారని, ఎంత నిక్కచ్చి మనిషో అనుకున్నాను."

"ఇప్పుడు పెంచెయ్యండి. ఇంకో కాపీ చెయ్యండి. నేను వాళ్ళందరికీ చెప్పుకుంటాను."

"ఎవరి వాయింపు వాళ్ళది విడివిడిగా ఉన్నప్పుడే పెంచగలం. పాట కలిపి నెల దాటితే ఆ విడివాటిని తీసేస్తాను, మిషన్లో చోటుండదు. కలిపింది ఒక్కటే ఉంచుతాను. కలిసిన పాలూ నీళ్ళూ ఎలా విడదీస్తాం?"

"నెలంటే ఎప్పటికి?"

గోడ మీది కేలండరు చూశాడు. "పోయిన గురువారం."

మళ్ళీ వాయించాలంటే ఆ వేళ్ళు లేవు.

ఆ సాయంత్రం మా తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని చెప్పేశాను. కాలి చప్పుడనుకోవడం, తువ్వాళ్ళు, మూడుసార్లు తగ్గించడం, నెల గడువు, గురువారం. ఏడవకుండా చెబుదామనుకున్నాను, కుదరలేదు. ఆయన మొత్తం విన్నాడు. కోప్పడతాడేమోనని చూశాను. కోప్పడితే బాగుండేది.

"అక్కయ్యా, ఒకటడుగుతాను. మొదటిసారి వేసినప్పుడు, రెండో చరణంలో ఆగింది కదా. నీకు తెలిసిందా?"

తెలియలేదని ఒక అబద్ధమాడదామా అనిపించింది. ఏది మేలో అర్థం కాలేదు.

"తెలిసింది."

"ఎలా అనిపించింది?"

"హమ్మయ్య అనిపించింది."

ఆయన తలెత్తి డాబా వైపు చూశాడు. "నీళ్ళ మోటారు కట్టేశారా? టాంకు పొర్లుతున్నట్టుంది" అని లేచి వెళ్ళాడు.

ఆ పాట బాగానే తిరిగింది. చెప్పుల దుకాణంలో పొద్దస్తమానం అదే వేస్తారు. మా వీధి పిల్లలకి కూడా వచ్చు. మా తమ్ముణ్ణి కంపెనీవాళ్ళు మోటారు గదులకి పంపడం మానేసి, ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోబెట్టారు. లిఫ్టు ఆగిందని ఎవరైనా ఫోను చేస్తే రాసుకోవాలి. మోటారు ఎలా చప్పుడు చేస్తోందని అడిగితే, "మాకేం తెలుసయ్యా, త్వరగా మనిషిని పంపు" అంటారట.

వారానికి రెండు రోజులు చేతి కసరత్తుకి ఆసుపత్రికి వెళ్ళాలి. మరదలికి కుదరనప్పుడు తోడు నేను వెళుతున్నాను. కసరత్తు చేయించేది చలాకీ పిల్ల, నాలాగే అన్నీ అడుగుతుంది. మొన్న ఆయన చెయ్యి బల్ల మీద పెట్టుకుని ఒక్కో వేలూ వంచుతూ, ఏం పని చేస్తారు, పిల్లలెంతమంది అంటూ అడిగి అడిగి, బావమరిది పాటగాడని రాబట్టింది. ఏ పాటో తెలిసేసరికి ఎగిరి గంతేసింది.

"అయ్యో, ఆ సైకిలు పాట మీవాళ్ళదా! నా ఫోన్లో ఉంది." అప్పటికప్పుడు వేసింది. ఫోను బల్ల మీద పెట్టి మళ్ళీ చెయ్యి అందుకుంది. "మీరు కూడా ఆ జట్టులో ఉన్నారా అంకుల్? ఇందులో మీరేది వాయించారు?"

ఆయన నా వంక చూశాడు. నేను నోరు తెరవబోయాను. వద్దన్నట్టు తల కొంచెం కదిపాడు.

"నేను వాయించలేదమ్మా. వాళ్ళ సామాను మోసేవాణ్ణి."

"ఓ," అని ఆ పిల్ల ఉంగరం వేలు పట్టుకుని మెల్లగా వంచింది. "ఇక్కడ ఏమైనా తెలుస్తోందా?"

"లేదు," అన్నాడు.